గోదావరి కంటికి నిండుగా, ఫొటోలో పలచగా ఎందుకు?

వరదల సీజన్ వచ్చిందంటే రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఒకేలా ఉంటాయి. బ్యారేజీ గేట్ల కింద నుంచి ఎగసిపడే ఎర్రనీళ్లు, ఏటిగట్టు అంచుదాకా వచ్చిన గోదారి, వాన తెరిపిచ్చిన ఆదివారం మారేడుమిల్లి జలపాతాలు. అక్కడ నిలబడ్డవాళ్లకి ఒళ్లు ఝల్లుమంటుంది. ఫొటో చూసినవాళ్లకి మాత్రం పైన తెల్లటి ఆకాశం, కింద గోధుమరంగు పట్టీ, రెంటి మధ్య సన్నటి పచ్చగీత కనిపిస్తాయి. ఫోన్ మంచిది కాదని ఒకరంటారు, రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేముని మూడో వంతులుగా పంచుకునే సూత్రం) పాటించలేదని ఇంకొకరు, ఎడిట్ చేస్తే సరిపోతుందని మరొకరు. నిజానికి ఖరీదైన కెమెరా కొన్నవాళ్లకీ ఇదే ఇబ్బంది. కారణం చాలావరకు నేలలోనే ఉంది. డెల్టా బల్లపరుపు. బల్లపరుపు నేలని మనిషి కంటి ఎత్తు నుంచి తీస్తే ఏమవుతుందనేది ఏ కంపెనీ కెమెరా అయినా మార్చలేని లెక్క.

## ఫొటో తీసేటప్పుడు పోయేవి ఏమిటి

ఫ్రేములోకి ఏం రావాలి, ఏం రాకూడదు, వచ్చినవి ఒకదాని పక్కన ఒకటి ఎంత పెద్దగా కనబడాలి అనే నిర్ణయాలన్నీ కలిపితే కంపోజిషన్. ఎక్కడ నిలబడ్డాం, కెమెరా ఎంత ఎత్తులో ఉంది, ఎంత మేర తీసుకున్నాం, ఏ క్షణంలో నొక్కాం అన్నవాటి మీద అదంతా ఆధారపడుతుంది.

గట్టు మీద నిలబడి చూసేటప్పుడు దూరం తెలియడానికి మనకి చాలా ఆధారాలుంటాయి. రెండు కళ్లు దగ్గరి వస్తువుల్ని కొంచెం తేడాగా చూస్తాయి. తల కాస్త కదిలిస్తే దగ్గరి కొబ్బరిచెట్టు పక్కకి జరుగుతుంది, దూరపు తోట కదలదు. నీళ్ల హోరు, మొహానికి తగిలే తుంపర కూడా కలిసి ఆ చోటు ఎంత పెద్దదో చెబుతాయి. ఫొటోకి ఒకే కన్ను, పైగా కదలదు. దూరాన్ని చెప్పడానికి దానికి మిగిలేవి కొన్నే: ఒక వస్తువు ఇంకోదాన్ని కొంత కప్పడం, దూరం పెరిగేకొద్దీ సైజు తగ్గడం, గీతలు దగ్గరవుతూ పోవడం, దూరపువి మంచులో పాలిపోవడం, వెలుగునీడలు. ల్యాండ్‌స్కేప్ కంపోజిషన్ గురించి చెప్పే సూత్రాలు చాలావరకు వీటిలో ఏదో ఒకదాన్ని గట్టిగా వాడుకోవడం గురించే.

## బల్లపరుపు నేల లెక్క

ఫోన్ మెయిన్ కెమెరాని అడ్డంగా పట్టుకుంటే అది పైనుంచి కిందకి సుమారు 53 డిగ్రీల మేర చూస్తుంది. 12 మెగాపిక్సెల్ ఫొటో అయితే దాని ఎత్తు 3000 పిక్సెళ్లు. పొలం పక్కన రోడ్డు మీద నిలబడ్డాం, కెమెరా నేలకి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంది, ఆకాశం నేలా కలిసే గీత ఫ్రేము మధ్యలో ఉందనుకుందాం.

వంద మీటర్ల అవతల నుంచి కనుచూపు మేర దాకా ఉన్న చేలన్నీ ఈ ఫొటోలో ఎంత చోటు తీసుకుంటాయి? దాదాపు 45 పిక్సెళ్లు. అంటే ఫ్రేము ఎత్తులో నూటికి ఒకటిన్నర వంతు. మనం ఏ పచ్చదనం చూసి ఆగామో అదంతా ఆ సన్నటి పట్టీలో ఇరుక్కుపోతుంది. కింద సగమంతా మన కాళ్ల ముందున్న గడ్డి, బురద, బోదె అంచు.

ఇప్పుడు అదే మనిషి ఏటిగట్టు ఎక్కాడు. కెమెరా పొలానికి ఆరు మీటర్ల ఎత్తుకి చేరిందనుకుందాం. అదే చేలు ఇప్పుడు 180 పిక్సెళ్లు తీసుకుంటాయి, నాలుగు రెట్లు. మళ్ల మధ్య గట్లు విడివిడిగా కనిపిస్తాయి, కాలువ వంపు తెలుస్తుంది, దూరాన ఊరు ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది. లెన్సు మారలేదు, వెలుగు మారలేదు.

పైకి ఎక్కే బదులు కిందకి వంగితే? కెమెరాని మోకాలి కిందకి, 30 సెంటీమీటర్లకి దించితే ఆ చేలు 9 పిక్సెళ్లకి కుంగిపోతాయి, ఉన్నాయో లేవో తెలియనంతగా. కానీ ముందున్న వరి దుబ్బు ఆకాశంలోకి లేస్తుంది. సార్వా (వానాకాలం పంట) నాట్లు వేసిన మడిలో అయితే నిన్ననే నాటిన మొక్కల వరస, వాటి మధ్య నీళ్లు నిండిన అడుగుల గుంటలు, ఆకు మొనకి వేలాడే చుక్క, అన్నీ పెద్దవై ముందుకొస్తాయి. మధ్య దూరం పోయింది, దగ్గరిదీ ఆకాశమూ మిగిలాయి. ఇదీ ఒక ఫొటోయే, గట్టు మీది దానికంటే పూర్తిగా వేరేది.

ఎత్తు నుంచి తీస్తే మధ్య దూరం దక్కుతుంది, కింద నుంచి తీస్తే దగ్గరిది దక్కుతుంది. మనం మామూలుగా నిలబడి తీసే కంటి ఎత్తులో రెండూ సగం సగంగా మిగులుతాయి. నా దృష్టిలో డెల్టా ఫొటోలు చప్పగా రావడానికి మొదటి కారణం ఇదే. లెన్సుల చర్చ ఆ తర్వాతది.

ఈ ఇబ్బంది మనకి కొత్తగా వచ్చింది కాదు. 17వ శతాబ్దంలో డచ్ చిత్రకారులకి కూడా కొండల్లేని డెల్టా దేశమే దొరికింది. వాళ్లలో ఒకడైన యాకోబ్ ఫాన్ రయిస్‌డాల్ అక్కడి హార్లెమ్ ఊరిని గీసినప్పుడు ఇసుక దిబ్బల ఎత్తు నుంచి చూస్తున్నట్టు గీసి, ఫ్రేములో దాదాపు మూడింట రెండొంతులు మబ్బులకి ఇచ్చాడు. నేల ఇవ్వని ఎత్తుని ఆకాశం దగ్గర తీసుకున్నాడన్నమాట. మనకి జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలాంటి మబ్బులకి కొదవ లేదు. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం తెల్లబోయిన ఆకాశానికి మాత్రం మూడింట రెండొంతులు ఇవ్వడం దండగ.

## గీతలు, వరసలు, మంచు

ఎత్తు దొరకనిచోట లోతు తెప్పించేవి మిగతా ఆధారాలే. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య ఉన్న ఆర్చ్ బ్రిడ్జినే తీసుకుందాం. మొత్తం 28 కమాన్లు, ఒక్కోటి సుమారు 97.5 మీటర్లు. పడవలో నది మధ్యకి వెళ్లి ఎదురుగా తీస్తే కమాన్లన్నీ ఇంచుమించు ఒకే సైజులో వరసగా వస్తాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ వంతెన ఎంత పొడవో తెలియదు. ఒడ్డున వంతెన మొదలయ్యే చోటికి దగ్గరగా, ఏటవాలుగా నిలబడితే మొదటి కమాను వంద మీటర్ల దూరంలోనూ, పదోది కిలోమీటరు దూరంలోనూ ఉంటాయి. పదోది మొదటిదానిలో పదో వంతు సైజుకి తగ్గుతుంది. గోదారి వెడల్పుని ఆ తగ్గుదలే చెప్పేస్తుంది.

కోనసీమ పంట కాలువలు కూడా ఇలాంటి గీతలే. రెండు గట్లూ దగ్గరవుతూ పోతాయి. ఒడ్డు మీది కొబ్బరిచెట్లు వెలుతురు కోసం నీళ్లవైపు వాలి ఉంటాయి కాబట్టి, పైన కూడా ఒక కప్పులాగా ఏర్పడి చూపుని లోపలికి తోస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంటుంది. చిక్కల్లా కాలువ చివర ఏముందన్నది. లాకులో, చిన్న వంతెనో, సైకిల్ మీద వస్తున్న మనిషో ఉంటే చూపు అక్కడ ఆగుతుంది. ఏమీ లేకపోతే లోపలిదాకా వెళ్లి ఖాళీగా తిరిగొస్తుంది. "లీడింగ్ లైన్స్ ఉండాలి" అని చెప్పే వీడియోలు చాలావరకు ఈ రెండో సగం వదిలేస్తాయి.

చెట్లు ఎక్కువ ఉన్నచోట ఇంకో తలనొప్పి. మనిషి తలలోంచి కొబ్బరి మొద్దు మొలిచినట్టు రావడం, రెండు చెట్లు కలిసిపోయి ఒక్క ముద్దలా కనబడటం. దగ్గరి చెట్టు ఎంత దగ్గరగా ఉంటే, మనం పక్కకి వేసే ఒక్క అడుగుతో అది వెనకదాని మీద నుంచి అంత ఎక్కువగా జరుగుతుంది. జూమ్ చేస్తే ఇది విడిపోదు, ఎందుకంటే జూమ్ రెంటినీ కలిపే పెద్దది చేస్తుంది.

మార్గశిరం, పుష్యం నెలల్లో పొద్దున్నే పట్టే మంచు ఈ పని ఊరికే చేసిపెడుతుంది. దగ్గరి తోట నల్లగా, దాని వెనకది బూడిదరంగులో, ఇంకా వెనకది ఉందా లేదా అన్నట్టు పొరలుగా విడిపోతాయి. దాళ్వా (రెండో పంట) నాట్ల కోసం నీళ్లు పెట్టిన మళ్లు కూడా అప్పుడే ఉంటాయి. డెల్టా మంచి ఫొటోల్లో చాలా వాటికి ఈ కాలం కలిసిరావడానికి కారణం అందం ఒక్కటే కాదు, నేల చూపించలేని దూరాన్ని గాలి చూపిస్తుంది.

## జలపాతం దగ్గర లెక్క తిరగబడుతుంది

డెల్టాలో సహజమైన జలపాతం లేదు. రంప, అమృతధార, జలతరంగిణి లాంటివి చూడాలంటే రంపచోడవరం, మారేడుమిల్లి కొండలెక్కాలి. అక్కడ సమస్య వేరు. ఎత్తు బోలెడంత ఉంటుంది, నిలబడే చోటు తక్కువ. చెట్లూ రాళ్లూ దగ్గరగా మీద పడతాయి. అంతా పట్టాలని వెంటనే ఫోన్‌లో వైడ్ లెన్సుకి మార్చే 0.5 నొక్కుతాం. జలపాతం కాస్తా చిన్న తెల్లచార అయిపోతుంది.

ఇక్కడ చాలామంది వైడ్ లెన్సుని తిడతారు. అసలు విషయం దూరాల నిష్పత్తి. ముందున్న రాయి మీటరు దూరంలో, జలపాతం 20 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. జలపాతం రాయికంటే 20 రెట్లు దూరం, కాబట్టి దాని సైజుకి అంత కోత పడుతుంది. తొమ్మిది మీటర్లు వెనక్కి నడిస్తే రాయి 10 మీటర్లు, జలపాతం 29 మీటర్లు. ఇప్పుడు తేడా మూడు రెట్ల లోపే. ఆ చోటు నుంచి జూమ్ చేసి రాయిని మళ్లీ మొదటి సైజుకి తెస్తే, దానితో పోలిస్తే జలపాతం దాదాపు ఏడు రెట్లు పెద్దగా నిలబడుతుంది. నిలబడిన చోటు నిష్పత్తిని నిర్ణయిస్తుంది, లెన్సు ఎంత మేర కత్తిరించాలో నిర్ణయిస్తుంది. వెనక్కి నడిచే వీలు అన్నిచోట్లా ఉండదు, నాచు పట్టిన రాళ్ల మీద అసలే ఉండదు. అలాంటిచోట జలపాతం మొత్తాన్ని పట్టే ఆశ వదిలి ఒక మెట్టునో, నీరు రాయిని చుట్టి తిరిగే మలుపునో తీసే ఫొటోగ్రాఫర్లు ఎక్కువ.

చెట్ల సందులోంచి కనిపించే తెల్లటి ఆకాశపు ముక్క ఇంకో శత్రువు. ఫ్రేములో అన్నిటికంటే వెలుగున్న చోటికి చూపు ముందు పోతుంది. అది జలపాతం కావాలనుకుంటే, పైన ఇంకా తెల్లగా ఇంకోటి ఉండకూడదు. అందుకే జలపాతాలకి ఎండ కంటే మబ్బు మేలంటారు. తడిరాళ్ల మీద, ఆకుల మీద మెరుపుని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కూడా ఇక్కడే పనికొస్తుంది. అదే ఫిల్టర్ కోనసీమ కాలువ మీద తిప్పితే కొబ్బరిచెట్ల ప్రతిబింబం కాస్తా నీళ్లలోంచి మాయమైపోవచ్చు.

## నీళ్లు పాలలా ఉండాలా, చుక్కలుగా ఆగాలా

ఇది ఎప్పటికీ తెగని గొడవ. ముందు లెక్క చూద్దాం. పది మీటర్ల ఎత్తు నుంచి అడ్డం లేకుండా పడే నీరు కిందకి వచ్చేసరికి సెకనుకి సుమారు 14 మీటర్ల వేగం అందుకుంటుంది. ఆ పది మీటర్లూ ఫొటోలో 3000 పిక్సెళ్ల ఎత్తు నింపాయనుకుందాం.

షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే ఆ కాసేపట్లో నీరు కదిలేది 1.4 సెంటీమీటర్లు, ఫొటోలో నాలుగు పిక్సెళ్లు. చుక్కలు గాలిలో ఆగిపోతాయి. అరవయ్యో వంతు అయితే 23 సెంటీమీటర్లు, 70 పిక్సెళ్లు. అటు చుక్కా కాదు, ఇటు ధారా కాదు. మసక వెలుతురులో ఫోన్లు తమంతట తాము పెట్టుకునేది చాలాసార్లు ఈ చుట్టుపక్కల వేగమే. పావు సెకను అయితే మూడున్నర మీటర్లు, ఫ్రేములో మూడో వంతు పొడవు. నీరు దారాలుగా సాగుతుంది. ఎనిమిది సెకన్లు తెరిస్తే దారాలు కూడా కలిసిపోయి తెల్లటి పొగ మిగులుతుంది.

పగటిపూట అంతసేపు తెరిస్తే ఫొటో తెల్లబోతుంది కాబట్టి వెలుగుని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు పెడతారు. మామూలుగా 125వ వంతు సెకను సరిపోయే వెలుగులో ఎన్‌డీ 8 పెడితే అది 15వ వంతు అవుతుంది, ఎన్‌డీ 64తో అర సెకను, ఎన్‌డీ 1000తో ఎనిమిది సెకన్లు. ఫోన్లలో ఉండే లాంగ్ ఎక్స్‌పోజర్ మోడ్ ఫిల్టర్ లేకుండానే చాలా ఫ్రేములు తీసి కలిపి ఇంచుమించు అలాంటి ఫలితమే ఇస్తుంది.

పాలనీళ్లు అబద్ధమనీ, కన్ను ఎప్పుడూ అలా చూడదనీ ఒక వర్గం వాదన. నిజమే. కానీ గాలిలో ఆగిపోయిన చుక్కల్ని కూడా కన్ను చూడదు. రెండో వర్గం చెప్పేదేమిటంటే, నీరు ఏ రాయి మీదుగా ఎటు మళ్లిందో సాగిన ధారలోనే తెలుస్తుంది, చుక్కల గజిబిజిలో కాదు. అందులో కంపోజిషన్ పరంగా బలం ఉంది. పలచగా, రాళ్లని చుట్టుకుంటూ దిగే జలపాతాలకి అది సరిగ్గా నప్పుతుంది.

ధవళేశ్వరానికి వచ్చేసరికి ఆ వాదన చెల్లదు. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన పాత ఆనకట్ట మీదుగా నీరు పొర్లి దూకేది. 1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. గేటు లేచినప్పుడు నీరు దాని కింద నుంచి దూసుకొచ్చి, దిగువన తిరగబడి ఎగుస్తుంది. చూడాల్సింది ఆ తిరుగుబాటే. దాన్ని ఎనిమిది సెకన్లు తెరిచి తీస్తే, వరదనీరు ఎర్రమట్టి రంగు కాబట్టి, చిక్కటి టీ ఒలికినట్టు వస్తుంది. వెయ్యో వంతులో తీస్తే ఒక్కో అల కండ తెలుస్తుంది. ఇంకో సంగతి, వరద పెరిగేకొద్దీ ఫొటో బాగుంటుందనుకోవడం పొరపాటు. భారీ వరదలో గేట్లు పూర్తిగా పైకి లేచిపోయి, ఎగువకీ దిగువకీ నీటిమట్టం తేడా తగ్గిపోయి, నది ఒకే పలకలా సాగుతుంది. అప్పుడు దాని పరిమాణం చెప్పేది నీరు కాదు, మునిగిన మెట్లూ, లంకల్లో తలలు మాత్రమే కనిపించే అరటితోటలూ.

## మూడో వంతుల సూత్రం ఎంతవరకు నిజం

ఫోన్ తెర మీద వచ్చే తొమ్మిది గళ్లలో గీతలు కలిసే చోట ముఖ్యమైనది పెట్టాలని అందరూ నేర్పే సూత్రం. దీన్ని మొదట అక్షరాల్లో పెట్టింది 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. ఆయన చెప్పింది గళ్ల మూలల గురించి కాదు, వాటాల గురించి. ఆకాశం మూడింట రెండొంతులో ఒక వంతో ఉండాలి, నీరు రెండొంతులుంటే నేల ఒక వంతు ఉండాలి అన్నాడు. రెండూ సమానంగా పోటీపడితే ఏది ప్రధానమో తెలియదని దాని వెనక ఆలోచన.

సూత్రాన్ని సమర్థించేవాళ్లు కొత్తవాళ్లకి అన్నీ మధ్యలో పెట్టే అలవాటు పోతుందంటారు. వ్యతిరేకించేవాళ్లు మంచి ఫొటో మీద ఏ గళ్లు పరిచినా ఏదో ఒకటి కలుస్తుందంటారు. స్మిత్ చెప్పిన వాటాల రూపంలో అయితే అది మన నేల మీద బాగానే పనిచేస్తుంది. నాట్లకి నీళ్లు పెట్టిన మడి మాత్రం దానికి లొంగదు. పైన మబ్బు, కింద అదే మబ్బు, కాస్త ముదురు రంగులో. ఇక్కడ గీత సరిగ్గా మధ్యలో ఉంటేనే అద్దం గుణం తెలుస్తుంది.

## అడ్డంగా ఉన్న నది, నిలువుగా ఉన్న ఫోన్

రీల్స్, స్టేటస్‌లు వచ్చాక ఫ్రేము నిలువైపోయింది. జలపాతానికి అది వరం. గోదారికి శిక్ష. అడ్డంగా తీసిన ఫొటో స్టేటస్‌లో పెడితే పైనా కిందా నల్లపట్టీల మధ్య ఇరుక్కుంటుంది. నిలువుగా తీస్తే వంతెనలో నాలుగైదు కమాన్లకి మించి పట్టవు. నిలువు ఫ్రేము నదిని చంపేస్తుందని పాతకాపులు అంటుంటే, పుష్కర ఘాట్ మెట్ల నుంచి నీటి మీదుగా మబ్బుల దాకా ఒకేసారి చూపించేది నిలువు ఫ్రేమేనని కుర్రాళ్ల జవాబు. వెడల్పు చెప్పాలంటే మొదటిది, దగ్గర నుంచి దూరానికి ప్రయాణం చెప్పాలంటే రెండోది.

## ఆకాశం మార్చడం, తీగలు చెరపడం

చప్పటి ఆకాశం స్థానంలో ఎర్రటి సాయంత్రం అతికించే యాప్‌లు ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి. పని పాతదే. 1850ల్లో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ ల గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ వాడి కలిపి ముద్రించాడు, ఎందుకంటే అప్పటి పలకల మీద రెండూ ఒకేసారి సరిగ్గా పడేవి కావు. ఆ రోజుల్లో అది పరికరం లోపాన్ని పూడ్చడం. నేటి అతుకుడు అప్పుడు అక్కడ లేని వెలుగుని తెస్తుంది. కరెంటు తీగ చెరపడం కూడా తప్పేనా అని అడిగేవాళ్లున్నారు. పెళ్లి ఆల్బమ్‌కో, టూరిజం పోస్టరుకో ఎవరూ పట్టించుకోరు. అంతర్జాతీయ ఫొటో సలోన్లలో (పోటీ ప్రదర్శనల్లో) నేచర్ విభాగానికి మాత్రం ఫొటోలో ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని చేర్చడం రెండూ నిషేధమే.

అతికించిన ఆకాశాన్ని మనవాళ్లు తేలిగ్గానే పట్టేస్తారు. రాజమండ్రి తూర్పు ఒడ్డున ఉంది, కాబట్టి ఘాట్ నుంచి చూస్తే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు. కొవ్వూరు నుంచి తీసిన ఫొటోలో రాజమండ్రి వెనక సూర్యుడు కనిపిస్తుంటే అది పొద్దున్న అయినా కావాలి, అతుకైనా కావాలి.

## డ్రోన్ వచ్చాక ఎత్తు సమస్య తీరిందా

చాలావరకు తీరింది. కంటి ఎత్తులో కిలోమీటరు అవతలి నేల ఫ్రేములో వెయ్యికి ఒకటిన్నర వంతు ఉంటే, 120 మీటర్ల ఎత్తులో అది నూటికి 12 వంతులకి పెరుగుతుంది. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య లంకలు ఎలా చీలాయో, కోరంగి మడ అడవుల్లో కాలువలు ఎలా మెలితిరిగాయో నేల మీది కెమెరాకి అందని విషయాలు. ఆ 120 మీటర్లన్న సంఖ్యకి ఇంకో అర్థం కూడా ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోట, పైపరిమితి అదే. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 60 మీటర్లు. రాజమండ్రి వాసులకి మధురపూడి విమానాశ్రయం ఉంది కాబట్టి ఎక్కడ నుంచి ఎగరేస్తున్నామన్నది తేడా తెస్తుంది. కోరంగి అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి సంగతి వేరే.

కెమెరాని పూర్తిగా కిందకి వంచి నిట్టనిలువుగా తీసే డ్రోన్ ఫొటోల మీద మాత్రం అభిప్రాయాలు రెండుగా ఉన్నాయి. ఆకాశం నేలా కలిసే గీత ఉండదు, దూరం ఉండదు, సైజు తెలియదు. వరి మడీ రొయ్యల చెరువూ ఒకే రకం గళ్లుగా కనిపిస్తాయి. అది ల్యాండ్‌స్కేప్ కాదు, డిజైన్ అంటారు కొందరు. ఏ మడి ఎండిందో, చెరువులు పొలాల్లోకి ఎంతదాకా వచ్చాయో చూపించగలిగేది అదొక్కటే అంటారు ఇంకొందరు. అలాంటి ఫొటోలో గట్టు మీద నడిచే మనిషి ఒక్కడు పడితే ఒక్కో గడి ఎంతదో తెలిసిపోతుంది.